బోర్డు మల్ల లేస్తది.. మరి లెక్కలు? రెండు ఎస్‌డీ కార్డుల ముచ్చట

మా మేనమామకు ఊరవతల రెండెకరాల చెలక ఉన్నది. దాంట్ల ఒక బోరు. ఆ బోరు స్టార్టరు డబ్బ పక్కన, పాత ప్లాస్టిక్ టిఫిన్ డబ్బల, అరచెయ్యంత ఉండే ఒక కంప్యూటర్ బోర్డు పెట్టిన. దాని పేరు బీగల్‌బోన్ బ్లాక్. చదువుకునే రోజులల్ల ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌ల కొన్న. మోటరు వైరుకు ఒక కరెంటు సెన్సార్ తగిలించి, నిమిషానికి ఒకసారి రీడింగ్ రాసుకునేటట్టు చిన్న ప్రోగ్రాం రాసిన.

ఎందుకంటే, బోరు మోటరు నీళ్లు పోసేటప్పుడు కరెంటు ఎక్కువ గుంజుతది. నీళ్లు అందక గాలి గుంజుడు షురువైతే కరెంటు తగ్గుతది. ఆ తేడా చూస్తే బోరు ఎంతసేపు పోసింది, ఎప్పుడు ఆగింది, బంద్ చేసినంక మల్ల ఎంతసేపటికి నీళ్లు ఊరినయి, అన్నీ తెలుస్తయి. రెండు ఎండకాలాల లెక్కలు ఆ బోర్డుల ఉండె.

వానకాలం షురువుల ఒక రాత్రి గాలిదుమారం వచ్చింది. కరెంటు పోవుడు, వచ్చుడు, మల్ల పోవుడు. పొద్దుగాల పోయి చూస్తే బోర్డు మీద పవర్ లైటు ఎలుగుతున్నది గని, పక్కన ఉండే నాలుగు నీలం లైట్లు మాత్రం సప్పుడు లేకుంట ఉన్నయి. రెండుమూడు సార్లు వైరు పీకి పెట్టిన. ఏం లేదు.

ఇంటికి తెచ్చి, ఒక ఎస్‌డీ కార్డు తయారు చేసి, లినక్స్ మల్ల ఎక్కించిన. అర్ధగంటల బోర్డు లేసింది. నీలం లైటు గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటున్నది. నా సంబురం చూడాలె! పరుగు పరుగున మామ దగ్గరికి పోయి "మామా, బోర్డు బతికింది" అన్న. మామ చూసి నవ్వి, ఒక్క మాట అడిగిండు.

"మంచిదే అల్లుడూ. మరి పాత లెక్కలు ఏవి?"

నా నోట్ల మాట రాలే. లినక్స్ ఎక్కించేటప్పుడు లోపట ఉన్నదంత నేనే తుడిచిన. ఆ లెక్కలు చూసి, బోరును ఇంకింత లోతుకు దించాల్నా, ఉన్నదానితోనే ఒక ఎకరమే ఏసుకోవాల్నా అని ఆ నెలల తేల్చుకుందామని మామ అనుకున్నడు. బోరు బండోళ్లకు ఇచ్చే పైసలు చిన్నయి కావు గదా. "సరేలే, ఇంకో ఎండకాలం చూద్దాం తీ" అన్నడు. కోపం చెయ్యలే. కోపం చేసినా బాగుండు అనిపించింది.

అందుకే ఈ ముచ్చట రాస్తున్న. కార్డుతోని లినక్స్ మల్ల ఎక్కించుడు పెద్ద విద్య ఏం కాదు. ఊర్ల ఉండే ఏ పిల్లగాడైనా, ఏ ఆడిపిల్లయినా ఒక పొద్దుల నేర్చుకోవచ్చు. గని ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలుసుకోకుంట చేస్తే నా లెక్కనే అయితది.

సచ్చిందా, సొయి తప్పిందా?

బోర్డు లేస్తలేదంటే మన మనసుల మొదట వచ్చేది "కాలిపోయింది" అనే మాట. చానసార్లు అది తప్పు. బోర్డు అంటే చిప్పులు, తీగలు. దాని లోపట లినక్స్ అంటే రాసిపెట్టిన అక్షరాలు. కరెంటు పోయినప్పుడు చిప్పులకు ఏం కాకపోవచ్చు, గని ఆ నిమిషంల రాస్తున్న అక్షరాలు సగంల ఆగిపోతయి. లినక్స్ లేసేటప్పుడు చదవాల్సిన ఫైలు సగమే ఉంటే అది ఆడనే కూలబడతది. అంటే మనిషి సావలే, సొయి తప్పిండు.

ఇంకో రెండు కారణాలు కూడ ఉంటయి. ఒకటి, అప్‌డేట్ నడుస్తుంటే మధ్యల వైరు పీకుడు. రెండోది, జాగ నిండిపోవుడు. బీగల్‌బోన్ బ్లాక్ 2013ల వచ్చింది. మొదట్ల వచ్చినయాటికి లోపటి మెమరీ 2 జీబీలే. 2014ల వచ్చిన రెవిజన్ సి నుంచి 4 జీబీలు చేసిన్రు. దీన్నే ఈఎంఎంసీ అంటరు. ఫోన్ల లోపట ఉండే స్టోరేజీ అసొంటిదే, బోర్డుకు అతికిచ్చి ఉంటది, ఊడదీయరాదు. 4 జీబీలల్ల లినక్స్ పోను మిగిలేది తక్కువ. నా లెక్క నిమిషానికో రీడింగ్ రాస్తే, ఎన్నడో ఒకనాడు నిండుతది.

కాబట్టి మొదలు చూడాల్సింది లైట్లు. పవర్ లైటే ఎలుగకపోతే అడాప్టర్ చూడుండ్రి. దీనికి 5 వోల్టుల అడాప్టరే పెట్టాలె. సెట్‌టాప్ బాక్సులకు వచ్చే 12 వోల్టుల అడాప్టర్ల పిన్ను కూడ గదే సైజుల ఉంటది, సరిగ్గ పడతది. పైలం, అది పెడితే సొయి తప్పిన బోర్డు నిజంగనే సస్తది.

పవర్ లైటు ఉండి, నీలం లైట్లు కొట్టుకోకపోతే లోపట రాత చెడిపోయి ఉండొచ్చు. మామూలుగ ఈ నాలుగింటికి నాలుగు పనులు. మొదటిది గుండె లెక్క కొట్టుకుంటది, లినక్స్ నడుస్తున్నదని గుర్తు. రెండోది ఎస్‌డీ కార్డు పని చేస్తుంటే, మూడోది ప్రాసెసర్ పని చేస్తుంటే, నాలుగోది ఈఎంఎంసీ పని చేస్తుంటే మెరుస్తయి.

ఇంకా లోతుకు తెలుసుకోవాలంటే సీరియల్ కేబుల్ అని ఒకటి దొరుకుతది. బోర్డు మీద జే1 అని రాసి ఆరు పిన్నుల వరుస ఉంటది, దానికి పెట్టాలె. 3.3 వోల్టులదే కొనాలె, 5 వోల్టులది వద్దు. వేగం 115200 పెడితే, బోర్డు లేసేటప్పుడు ఏమేం అంటున్నదో అంత తెర మీద కనిపిస్తది. అప్పుడు తెర మీద "సి సి సి" అని ఇంగ్లిష్ అక్షరం ఒక్కటే వస్తుంటే, బోర్డుకు లేసే తొవ్వ ఎక్కడా దొరకలేదని, ఆఖరికి ఈ కేబుల్ మీదనన్న ఎవరన్న ఏమన్న పంపుతరా అని ఎదురుచూస్తున్నదని అర్థం. అట్ల అడుగుతున్నదంటే ప్రాసెసర్ బతికున్నట్టే గదా.

బోర్డు ఎక్కడ దేవులాడుతది?

కార్డు ఎందుకు పని చేస్తదో తెలిస్తే ఎట్ల చెయ్యాల్నో యాదుంటది. ప్రాసెసర్ లోపట ఫ్యాక్టరీలనే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాం ఉంటది. దాన్ని బూట్ రోమ్ అంటరు. దాన్ని మనం చెరపలేం, గాలిదుమారం కూడ చెరపలేదు. కరెంటు తగలంగనే లేసి, "నన్ను ముందుకు నడిపించే రాత ఏడున్నది?" అని వరుసగ దేవులాడుతది.

మామూలుగ ఆ వరుస ఇట్ల ఉంటది: ముందు ఈఎంఎంసీ, తర్వాత ఎస్‌డీ కార్డు, తర్వాత సీరియల్ కేబుల్, ఆఖరికి యూఎస్‌బీ. బోర్డు మీద ఎస్2 అనే చిన్న బటన్ ఉన్నది, ఎస్‌డీ కార్డు పెట్టే దిక్కు. దాన్ని ఒత్తిపట్టి కరెంటు ఇస్తే వరుస మారుతది. ఈఎంఎంసీని అసలు అడగదు. ఎస్‌పీఐ అనే చోట చూసి, అక్కడ ఏం లేకుంటే నేరుగ ఎస్‌డీ కార్డు దగ్గరికి పోతది.

ఈ వరుసనే మన బలం. లోపటి రాత ఎంత చెడిపోయినా, ముందు తలుపు పడిపోయిన ఇంట్లకు దొడ్డి తలుపు నుంచి పోయినట్టు, కార్డు మీది నుంచి పోవచ్చు.

కార్డు తయారు చేసుడు

కావాల్సినయి: 4 జీబీ గాని అంతకంటే పెద్దది గాని మైక్రో ఎస్‌డీ కార్డు, కార్డు రీడర్, ఒక్క గంట ల్యాప్‌టాప్. మనది లేకుంటే దోస్తుది అడుక్కోవచ్చు, అండ్ల తప్పేం లేదు.

ముందు ఇమేజ్ దించుకోవాలె. ఇమేజ్ అంటే లినక్స్ మొత్తాన్ని, అది కార్డు మీద ఎట్ల కూర్చోవాల్నో ఆ వరుసతోని సహా, ఒకే ఫైలుగ చుట్టిపెట్టిన మూట. బీగల్‌బోర్డ్ డాట్ ఆర్గ్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఈ బోర్డుల కోసం డెబియన్ లినక్స్ ఇమేజ్‌లు ఫ్రీగ పెడతది. వందల ఎంబీలు ఉంటది కాబట్టి రోజు డేటా అయిపోకముందే రాత్రి పూట పెట్టుకోండ్రి.

ఇక్కడ రెండు రకాలుంటయి. జర జాగ్రత్తగ చదువుండ్రి, నేను బోర్లపడ్డది ఈడనే. ఒక రకం కార్డు మీది నుంచే నడుస్తది, లోపటి ఈఎంఎంసీని ముట్టదు. రెండో రకం పేరుల "ఫ్లాషర్" అని ఉంటది. అది లేసిందంటే ఒక్క మాట అడగకుంట ఈఎంఎంసీని తుడిచి, కొత్త లినక్స్ రాస్తది. మొదటిది చూసి చెప్పే డాక్టరు, రెండోది ఇల్లు కూలగొట్టి కొత్తగ కట్టే మేస్త్రీ. నేను డాక్టరును పిలువకుంటనే మేస్త్రీని పిలిచిన.

ఫైలు దిగినంక అది పూర్తిగ దిగిందా లేదా చూడాలె. మన దిక్కు సిగ్నల్ సంగతి తెలిసిందే. ఇమేజ్ పక్కన షా256 అని 64 అక్షరాల వరుస ఇస్తరు. లినక్స్ ల్యాప్‌టాప్‌ల షా256సమ్ అనే కమాండ్ మన ఫైలుకు సుత గసొంటి వరుసనే లెక్కగట్టి ఇస్తది. రెండూ అక్షరం పొల్లు పోకుంట కలవాలె. కలవకుంటే ఫైలు మల్ల దించుకోవాలె.

ఇగ రాసుడు. చానమంది చేసే తప్పు ఏందంటే, ఆ ఫైలును పాటలు కాపీ చేసినట్టు కార్డుల కాపీ పేస్ట్ కొట్టుడు. అట్ల చేస్తే బోర్డు లేవదు. బూట్ రోమ్‌కు ఫైళ్లన్నీ దేవులాడే తెలివి లేదు, కార్డు మీద కొన్ని నిర్ణయించిన జాగలనే చూస్తది. ఇమేజ్‌ల ఉన్నది ఉన్నట్టు, మొదటి అక్షరం కార్డు మొదటి జాగల పడేటట్టు రాయాలె. దానికి బ్యాలెనా ఎచర్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉన్నది, విండోస్‌ల, లినక్స్‌ల రెండిట్ల నడుస్తది. ఇమేజ్ చూపెట్టు, కార్డు చూపెట్టు, ఫ్లాష్ నొక్కు. రాసినంక సరిగ్గ పడ్డదా లేదా అని అదే చూస్తది.

లినక్స్ వాడేటోళ్లు డీడీ అనే కమాండ్ తోని కూడ రాయొచ్చు. గని అది కత్తి. కార్డు పేరు బదులు ల్యాప్‌టాప్ డిస్కు పేరు కొట్టిన్రంటే, అడగదు ఆపదు, ల్యాప్‌టాప్‌నే తుడుస్తది. కార్డు పెట్టకముందు ఒకసారి, పెట్టినంక ఒకసారి ఎల్ఎస్‌బీఎల్‌కే అనే కమాండ్ కొట్టి చూడుండ్రి. రెండోసారి కొత్తగ వచ్చిన పేరే మీ కార్డు. దోస్తు ల్యాప్‌టాప్ అయితే ఎచరే వాడుండ్రి, దోస్తానం మిగులుతది.

రాసుడు అయిపోయినంక విండోస్ "ఈ డిస్కు ఫార్మాట్ చెయ్యాల్నా?" అని అడుగుతది. భయపడి సరే అన్నరనుకో, చేసిందంత పోతది. కార్డు మీద ఉన్నది లినక్స్ రాత, విండోస్‌కు చదవరాదు, అందుకే అడుగుతది. క్యాన్సిల్ కొట్టి కార్డు తీసెయ్యండ్రి.

ఇంకో మాట. అంగట్ల అగ్గువకు దొరికే కొన్ని కార్డులు నకిలీవి ఉంటయి. పైన 32 జీబీ అని ఉంటది, లోపట అంత ఉండదు. లినక్స్‌ల ఎఫ్3, విండోస్‌ల హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఫ్రీ ప్రోగ్రాంలతోని అసలు సైజు పరీక్ష చెయ్యొచ్చు. ఆపదకు దాచిపెట్టే కార్డు కాబట్టి మంచిది కొనుండ్రి.

బటన్ పట్టుకునుడు

బోర్డుకు ఉన్న వైర్లన్నీ తీసెయ్యాలె, పవరు, యూఎస్‌బీ అన్నీ. కార్డు పెట్టాలె. ఎస్2 బటన్ ఒత్తిపట్టి, ఒత్తిపట్టే అడాప్టర్ పెట్టాలె. నీలం లైట్లు ఎలిగినంక వేలు తియ్యొచ్చు. వైరు పీకకుంట రీసెట్ బటన్ కొట్టి ఎస్2 ఒత్తితే లాభం లేదు. కరెంటు కొత్తగ తగిలిన ఆ క్షణంలనే బోర్డు ఆ బటన్ దిక్కు చూస్తది. ఈ ఒక్క సంగతి తెల్వక నేను ఒక పూటంత పరేషాన్ అయిన.

ఫ్లాషర్ కార్డు అయితే జర సేపటికి నాలుగు నీలం లైట్లు ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి ఉరుకుడు షురువు చేస్తయి. లోపట కొత్త లినక్స్ రాస్తున్నదని అర్థం. కార్డు వేగాన్ని బట్టి పది నిమిషాలల్ల కావచ్చు, ముప్పావు గంట కూడ పట్టొచ్చు. అప్పటిదాక ముట్టొద్దు. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ మీద గాకుంట 5 వోల్టుల అడాప్టర్ మీదనే చెయ్యండ్రి, రాసేటప్పుడు కరెంటు ఎక్కువ గుంజుతది. మీ ఊర్ల కరెంటు ఎప్పుడు పోతదో మీకే తెలుసు, ఆ టైంల పెట్టుకోకుండ్రి.

పని అయిపోతే లైట్లన్నీ ఆరిపోతయి. కొన్ని పాత ఇమేజ్‌లల్ల ఉరుకుడు ఆగి నాలుగూ నిలకడగ ఎలుగుతయి. అప్పుడు వైరు పీకి, కార్డు తీసి, మల్ల కరెంటు ఇయ్యాలె. కార్డు తీయకుంట ఇస్తే ఏమైతది? మల్ల మొదటికెళ్లి తుడిచి రాసుడు షురువు చేస్తది. కార్డు మర్సిపోయి పొలంల పెట్టిన్రనుకో, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా బోర్డు తనను తాను కడుక్కుంట కూర్చుంటది.

ముందు దించుకోవాలె, తర్వాత తుడవాలె

ఇగ నేను చెయ్యని పని చెప్త. నడిచే రకం ఇమేజ్ తోని ఒక కార్డు చేసి, ఎస్2 ఒత్తి లేపితే, లినక్స్ కార్డు మీది నుంచి నడుస్తది. లోపటి ఈఎంఎంసీ అప్పుడు తెరిచి పెట్టిన సందుగ అసొంటిది. ఎల్ఎస్‌బీఎల్‌కే కొడితే రెండు డిస్కులు కనపడతయి. ఏది ఏదో తికమక పడొద్దు. పేరు చివరన బూట్0, బూట్1 అని తోక ముక్కలు ఉన్నదే ఈఎంఎంసీ. ఎస్‌డీ కార్డుకు ఆ తోకలుండవ్.

అప్పుడు మొదటి పని, ఈఎంఎంసీ మొత్తాన్ని డీడీ తోని ఒక పెన్‌డ్రైవ్ మీదికి ఒకే ఫైలుగ దించుకునుడు. 4 జీబీలే గదా, జాగ ఎంతో పట్టదు. రెండో పని, ఫైల్ సిస్టమ్‌ను ఎఫ్ఎస్‌సీకే తోని బాగు చేసుడు. సగంల ఆగిన రాతలను అది సవరిస్తది. చానసార్లు గంతే, తుడిచే అవసరమే రాదు. మూడోది, జాగ నిండిందా అని డీఎఫ్ కొట్టి చూసుడు. నిండితే మన లెక్కలు పెన్‌డ్రైవ్ మీదికి తీసి, పాత లాగ్ ఫైళ్లు చెరిపేస్తే చాలు. ఇవన్నీ చేసినా లేవకపోతేనే ఫ్లాషర్ కార్డు తియ్యాలె.

మామ బోర్డుల ఆ లెక్కలు ఉండెనా, చెడిపోయి ఉండెనా? నాకు ఎన్నటికీ తెల్వదు. చూడకుంటనే తుడిచిన గదా. అదే నన్ను ఇప్పటికీ పొడుస్తది.

పోయినేడాది మా వాడకట్టుల పాలిటెక్నిక్ చదివే ఒక చెల్లె ఏడ్చుకుంట వచ్చింది. ఫైనల్ ప్రాజెక్టు, గదే బోర్డు, ఎల్లుండి వైవా. "అన్నా, బోర్డు లేస్తలేదు. నీ దగ్గర కార్డు ఉన్నదట గదా, కొత్తగ ఎక్కించు" అన్నది. ప్రోగ్రాం కాపీ ఎక్కడన్న ఉన్నదా అని అడిగితే తల అడ్డంగ ఊపింది. ఫ్లాషర్ కార్డు పక్కన పెట్టి, నడిచే కార్డు తోని లేపిన. మొదలు మొత్తం పెన్‌డ్రైవ్ మీదికి దించిన. తర్వాత ఎఫ్ఎస్‌సీకే కొట్టిన. నిమిషం పట్టిందో లేదో. కార్డు తీసి కరెంటు ఇస్తే బోర్డు దానంతట అదే లేసింది, ప్రోగ్రాంతోని సహా. ఆ చెల్లె మొఖం చూస్తుంటే నాకు మామ యాదికొచ్చిండు.

మన బోర్డు మన ఇమేజ్

బోర్డు మంచిగ నడుస్తున్న దినం ఇంకో పని కూడ చెయ్యొచ్చు. మన ప్రోగ్రాం, మన సెట్టింగులు అన్నీ కుదిరినంక, దాన్నే మొత్తంగ కార్డుకు తీసి పెట్టుకోవచ్చు. బీగల్‌బోన్ బ్లాక్ పాత డెబియన్ ఇమేజ్‌లల్ల దీని కోసం తయారు స్క్రిప్టే ఉన్నది. ఖాళీ కార్డు పెట్టి నడిపితే, లోపట ఉన్న మన లినక్స్‌నే ఫ్లాషర్ కార్డుగ చేసి ఇస్తది. అప్పుడు బోర్డు చెడినా, అదే రకం బోర్డు ఇంకోటి కొన్నా, మొదటికెళ్లి చేసుడు ఉండదు.

లెక్కలు మాత్రం లినక్స్ ఉన్న జాగల ఉంచొద్దు. మామ బోర్డుకు ఇప్పుడు ఒక పెన్‌డ్రైవ్ పెట్టిన, రీడింగులన్నీ దాని మీదికే పోతయి. వారానికోసారి ఫోన్లకు కాపీ తీసుకుంట. ఇంకోటి, ఈ బోర్డుకు గడియారం బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే టైం తప్పుతది, నెట్ దొరికితేనే సరి చేసుకుంటది. లెక్కలు రాసేటోళ్లు ఇది కూడ చూసుకోవాలె. ఇగ బోర్డు ఆపాలంటే వైరు పీకొద్దు. ఎస్3 అనే పవర్ బటన్ ఒక్కసారి ఒత్తితే మంచిగ సర్దుకుని పడుకుంటది.

రాస్ప్‌బెర్రీ పై ఉన్నోళ్లు "మాకు ఈఎంఎంసీ లేదు గదా" అంటరు. నిజమే, మామూలు పై బోర్డులల్ల ఎస్‌డీ కార్డే డిస్కు. ఆపద కార్డు అంటే అక్కడ ముందుగాలనే రాసి పెట్టుకున్న రెండో కార్డు. పాతది తీసి కొత్తది పెడితే బోర్డు లేస్తది, పాత కార్డును ల్యాప్‌టాప్‌కు పెట్టి ఫైళ్లు తీసుకోవచ్చు. పై 4ల మాత్రం బూట్ రాత బోర్డు మీద వేరే చిన్న చిప్పుల ఉంటది. అది చెడితే రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే సాఫ్ట్‌వేర్‌ల బూట్‌లోడర్ రికవరీకి వేరే ఇమేజ్ ఉన్నది. అది పని చేస్తే ఆకుపచ్చ లైటు ఆగకుంట జల్ది జల్ది మెరుస్తది, టీవీ పెడితే తెరంత ఆకుపచ్చగ అయితది. ఏ బోర్డుకు ఆ బోర్డు ఇమేజే పడతది. పై ఇమేజ్ బీగల్‌బోన్‌ల లేవదు, ప్రాసెసర్లు వేరు.

మంచి దినం నాడే చెయ్యాలె

నేను చదివిన కాలేజీల ఒక బీరువా ఉండె. దాంట్ల "పాడైనయి" అని చీటీ అంటించిన బోర్డులు ఉండె. ఒక్కదాన్ని కూడ ఎవ్వరూ కార్డు పెట్టి లేపి చూడలే. అండ్ల ఎన్ని నిజంగ కాలినయో, ఎన్ని ఉత్తగ సొయి తప్పినయో ఇప్పటికీ అనుకుంట. కొత్తయి కొనే పైసలు ఉన్నోళ్లకు అది చిన్న విషయం. సెకండ్ హ్యాండ్‌ల కొని, కైకిలి పైసలల్ల మిగుల్చుకుని నేర్చుకునే మన పోరగాళ్లకు చిన్నది కాదు.

కాబట్టి ఏ బోర్డు కొన్నా, ముందు ఒక ప్రశ్న అడుగుండ్రి: దీని ఇమేజ్ బయట దొరుకుతదా, నా చేతులతోని నేను మల్ల ఎక్కించుకోవచ్చునా? ఆ తొవ్వ తెరిచి ఉన్న బోర్డే మనది. తొవ్వ మూసి ఉన్నది ఎంత అగ్గువకు వచ్చినా, చెడినప్పుడు పట్నం దిక్కు చూడాల్సిందే.

మా అమ్మమ్మ ఇత్తనం గింజలు వేరే కుండల పోసి, మూతికి గుడ్డ కట్టి, అటక మీద పెడుతుండె. ఇంట్ల ఎంత కరువున్నా ఆ కుండ ముట్టనియ్యకపోవు. పంట పోయినంక ఇత్తనం దాచుడు కుదరదు గదా. కార్డులు కూడ గట్లనే. బోర్డు మంచిగ నడుస్తున్న ఈ దినమే రెండు కార్డులు రాసి, ఒకదాని మీద "చూసుడు" అని, ఇంకోదాని మీద "తుడుసుడు" అని పెన్నుతోని రాసి, ఆ టిఫిన్ డబ్బలనే పెట్టుండ్రి. ఒక్కసారి ఎస్2 ఒత్తి, "చూసుడు" కార్డు తోని లేస్తున్నదా లేదా కూడ చూసి పెట్టుండ్రి. పరీక్ష చెయ్యని కార్డు మీద నమ్మకం పెట్టుకోవద్దు.

మామ ఆ ఎండకాలం బోరు దించలే. ఒక్క ఎకరమే ఏసిండు. ఇప్పుడు పెన్‌డ్రైవ్ మీద ఒక ఎండకాలం లెక్క పూర్తిగ ఉన్నది, రెండోది నడుస్తున్నది. మొన్న బాయికాడికి పోతే, డబ్బ మూత తీసి ఆ రెండు కార్డులు చూసి "ఇండ్ల తుడిచేది ఏదిరా అల్లుడూ?" అన్నడు. చూపెట్టిన. దాన్ని తీసి, ఒక చిన్న ప్లాస్టిక్ కవర్ల చుట్టి, రబ్బరు బ్యాండ్ ఏసి, అడుగున పెట్టిండు.